సవరణ: నైసియా విశ్వాస ప్రమాణం

క్రైస్తవ బిషప్పులు సమావేశమైన నైసియా సభపై ఇంతకుముందు వచ్చిన వ్యాసంలో, నేడు ఆరాధనల్లో పఠించే విశ్వాస ప్రమాణం యథాతథంగా క్రీ.శ. 325లో రూపొందిందనీ, దానితో, కుమారుడైన యేసు తండ్రి చేత సృష్టించబడినవాడని బోధించిన అరియస్ రేపిన వివాదం సమసిపోయిందనీ, క్రైస్తవులందరూ దాన్ని అంగీకరిస్తారనీ ఉన్న వాక్యాలను ఈ కింది విధంగా సవరించి చదవగలరు.

325 నాటి పాఠం కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని ప్రకటించి, పరిశుద్ధాత్మను పేరుకు మాత్రం ప్రస్తావించి, అరియస్ బోధను ఖండిస్తూ ముగుస్తుంది. పరిశుద్ధాత్మను ప్రభువుగా, జీవదాతగా ఒప్పుకునే భాగమూ, సంఘం, బాప్తిస్మం, మృతుల పునరుత్థానం గురించిన మాటలూ 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభకు చెందినవిగా 451లో కాల్సెడన్ సభలో చదివిన పాఠంలో ఉన్నాయి.

వివాదం మరో అర్ధశతాబ్దం పైగా సాగింది. నైసియా పక్షాన నిలిచిన అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ ఐదుసార్లు ప్రవాసం అనుభవించగా, ఆ సభను పిలిపించిన కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి 337లో మరణానికి ముందు బాప్తిస్మమిచ్చిన నికోమీడియా బిషప్ యుసేబియస్ అరియస్‌కు అండగా నిలిచినవాడే. చక్రవర్తి ఆజ్ఞతోనే సిద్ధాంతం స్థిరపడిందనే వాదానికి ఇది పెద్ద అడ్డంకి.

నేటి ఆమోదం విషయానికొస్తే, కథోలిక, ఆర్థడాక్స్ సంఘాలు, దక్షిణ ఇండియా సంఘం దీన్ని అంగీకరిస్తాయి. తెలుగు నేలపై బలంగా ఉన్న బాప్టిస్టు సంప్రదాయం త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే బోధను నమ్ముతూనే, లేఖనం తప్ప మరే ప్రమాణాన్నీ సభ్యులపై విధించదు. యెహోవాసాక్షులు త్రిత్వాన్నే తిరస్కరిస్తారు.