కథలో అత్తగారికి వాటా ఏదీ?

చెరకు కొనుగోలు ధరను కేంద్రం నిర్ణయిస్తుంది. పొగాకుకు వేలం కేంద్రాలున్నాయి. తెలుగు సాహిత్యానికి తరతరాలుగా ముడిసరుకు అందిస్తున్న రచయితల భార్యలకు, అత్తగార్లకు, శిష్యులకు, ఇలవేల్పులకు మాత్రం ఏ దిక్కూ లేదు. ఈ ఘోరాన్ని సర్కారు వారి దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కుటుంబం సంగతి. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి సిగరెట్ కాలుస్తాడా, మందు తాగుతాడా అని ఊరంతా వాకబు చేస్తారు గానీ, కథలు రాస్తాడా అని ఒక్కరూ అడగరు. తీరా పెళ్ళయ్యాక, ఆవకాయ జాడీ దగ్గర అత్తగారు విసుక్కున్న మాట ఆదివారం అనుబంధంలో బొమ్మతో సహా అచ్చవుతుంది. సుబ్బలక్ష్మిని వెంకటలక్ష్మి చేసి రచయిత గోప్యత పాటిస్తాడు. మధ్యాహ్నానికల్లా చుట్టాలందరూ ఫోన్లు చేసి, 'వెంకటలక్ష్మి గారు బాగున్నారా' అని అడుగుతారు.

అంతటితో పోతే బాగుండేది. మన దగ్గర పెట్టుబడి కూడా ముడిసరుకు ఇచ్చినవాళ్ళదే. తెలుగులో కథల పుస్తకం వెయ్యాలంటే చాలాసార్లు రచయితే ప్రెస్సుకు డబ్బు కట్టుకోవాలి. ఏ ఇల్లాలి గొణుగుడు మీద కథ రాశాడో, ఆ ఇల్లాలి గాజులే తాకట్టుకు వెళతాయి. ఆవిష్కరణ సభలో శాలువా ఆయనకు, వచ్చినవాళ్ళకు టిఫిన్లు అందాయో లేదో చూసుకునే పని ఆవిడకు. అమ్ముడుపోని కట్టలు మంచం కింద చేరతాయి. వాటిని తప్పించి ఊడవడమూ ఆవిడే నేర్చుకోవాలి.

ఇది ఈనాటి పద్ధతేమీ కాదు. 1881లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్ళు రానన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వంట చేసింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. స్వీయచరిత్ర రాసుకున్నది పంతులుగారు. ఆవిడకు అంత తీరికెక్కడిది లెండి.

ఇక పంతుళ్ళు. వీరేశలింగం పంతులు, గురజాడ విజయనగరం మహారాజా కళాశాలలో అధ్యాపకుడు, విశ్వనాథ కాలేజీ లెక్చరర్, చలం ఏకంగా స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్. మన ఆధునిక సాహిత్యంలో ఎంత భాగం హాజరు పట్టీ చాటున పుట్టిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పంతులుకు ఉన్న సౌకర్యం మరొకరికి లేదు: గంట కొట్టేదాకా శ్రోతలు లేచిపోలేరు. వీళ్ళలో గురజాడ నిజాయితీ నాకు నచ్చుతుంది. తాను పాఠాలు చెప్పుకునే మనిషై ఉండి, తెలుగు నాటకంలోకెల్లా ఘరానా టక్కరిని ట్యూషన్ మాస్టారుగా పెట్టాడు. ఆ గిరీశం దగ్గర వెంకటేశానికి ఒంటబట్టిన విద్య చుట్ట కాల్చడం.

తర్వాతి పంతుళ్ళకు ఆ ధైర్యం చాల్లేదు. వాళ్ళ కథల్లో మాస్టారు జోరువానలో వాగు దాటి బడికి వెళతాడు. రిటైరైన రోజున పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తారు. పాత శిష్యుడొకడు తప్పకుండా కలెక్టరై వచ్చి, కారు దిగి కాళ్ళకు దండం పెడతాడు. ఒక్కడైనా ఆర్టీసీ కండక్టరై వచ్చి 'చిల్లర ఇవ్వండి మాస్టారూ' అనడు. గోడకుర్చీ వేసిన వెనక బెంచీ వాడి వాంగ్మూలం అసలే తీసుకోరు.

భక్తి శాఖలో ఒకప్పుడు లెక్కలు కాస్త పద్ధతిగా ఉండేవి. కంచెర్ల గోపన్న భద్రాచలం గుడికి ఖర్చుపెట్టి గోల్కొండలో ఖైదయ్యాక, ఏ నగకు ఎంతయిందో కీర్తనలోనే రాముడికి బిల్లు వేశాడు. పోతన భాగవతాన్ని దేవుడికే అంకితమిచ్చాడు. నేటి భక్తకవి వెంకన్న మీద శతకం రాసి, అచ్చు ఖర్చు పెట్టుకున్న డల్లాస్ బావమరిదికి అంకితమిస్తాడు. వెంకన్నకు అట్ట మీద ఫోటో దక్కుతుంది, అదీ బావమరిది ఫోటో పట్టగా మిగిలిన చోట్లో.

కాబట్టి బాధిత బంధువుల తరఫున మా డిమాండ్లు ఇవి. అచ్చుకు ముందు రాతప్రతిని అత్తగారికి చదివి వినిపించాలి. ఆవిడ మాటను ఉన్నదున్నట్టు వాడుకుంటే రొక్కం చెల్లించాలి. రాయల్టీలో వాటా మేం అడగడం లేదు, లేని ఆస్తి కోసం కోర్టుకెక్కేంత అమాయకులం కాం. నష్టపరిహారం కింద పుస్తకం కాపీలు ఇస్తామంటే మాత్రం ఒప్పుకునేది లేదు.