ఏ జెండాకా గొడుగు

వారసత్వ రాజకీయాలను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకు ఓలోఫ్ స్టీవెన్సె వాన్ కోర్ట్‌లాండ్ గురించి తెలియదు.

1630ల చివర డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ సిపాయిగా అమెరికాలోని డచ్ వలస పట్టణం న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాడాయన. తుపాకీతో ఎంతకాలమని నెట్టుకొస్తాం? ముందు కంపెనీ సరుకుల లెక్కలు చూశాడు, తర్వాత సొంత వ్యాపారం, బీరు బట్టీ పెట్టుకున్నాడు. 1642లో పెళ్లి చేసుకుంటే ఊళ్లోని పెద్ద వర్తకుల్లో ఒకడు బావమరిది అయ్యాడు. అది కాకతాళీయమేనని నా గట్టి నమ్మకం. 1650ల్లో ఓలోఫ్ నగర బర్గోమాస్టర్, అంటే మేయర్ లాంటివాడు. బీరు బట్టీల వీధికే ఊళ్లో తొలిసారిగా రాళ్లు పరిచారు. ఇప్పుడది స్టోన్ స్ట్రీట్. అభివృద్ధి ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా!

1664లో ఇంగ్లిషువాళ్ల యుద్ధనౌకలొచ్చాయి. ఊరు అప్పగించే షరతులు మాట్లాడిన డచ్ పెద్దల్లో మనవాడూ ఉన్నాడు. అక్టోబరుకల్లా ఇంగ్లండు రాజుకు విధేయుణ్ణని ప్రమాణం చేసేశాడు. ఊరి పేరు న్యూయార్క్‌గా మారింది. ఇంటి సిరిసంపదలకు మాత్రం చీమ కుట్టలేదు.

1677లో కొడుకు స్టెఫానస్ మేయర్ అయ్యాడు. మేయర్ని గవర్నరే నియమించే రోజులవి. దాంతో ఓటర్లకు బీరు పోయించే ఖర్చు కూడా తప్పింది. 1686లో ఆయన మళ్లీ మేయర్. అదే ఏడాది ఆల్బనీ నగరానికి తొలి మేయర్ పీటర్ స్కైలర్, స్టెఫానస్ భార్యకు సొంత అన్నదమ్ముడు. కిట్టనివాళ్లు దీన్ని బంధుప్రీతి అంటారు. ప్రతిభ పెళ్లి సంబంధాల దారినే నడుస్తుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

1697లో స్టెఫానస్‌కు 86,000 ఎకరాల మేనర్, అంటే జమీందారీ లాంటిది, దక్కింది. దానికి చట్టసభలో విడిగా ఒక సీటు కూడా. 1734లో తొలిసారి ఆ సీట్లో కూర్చున్నది ఆయన మనవరాలి భర్త. ఇంతమంది అల్లుళ్లలో ఒకణ్ణి ఎంచడానికి ఎంత టెన్షన్ పడ్డారో!

తర్వాత అమెరికా స్వతంత్రమైంది. వియ్యాలవారైన ఫిలిప్స్ కుటుంబానికి ఈ గొడుగు విద్య అబ్బలేదు. రాజు పక్షానే ఉండిపోయి 1779లో భూములన్నీ పోగొట్టుకున్నారు. ఒక్కమాట మీద నిలబడితే అంతే మరి. మన ఇంట్లోనూ ఒకరిద్దరు దారి తప్పి రాజు వైపు వెళ్లారనుకోండి, వాళ్లనొదిలేద్దాం. ఓలోఫ్ మునిమనవడు పియెర్ 1777లోనే న్యూయార్క్ రాష్ట్ర తొలి లెఫ్టినెంట్ గవర్నర్ అయి, 1795 దాకా కుర్చీ దిగలేదు. మనవరాలి వైపు నుంచి వచ్చిన మరో మునిమనవడు జాన్ జే, 1789లో ఏకంగా దేశానికే తొలి ప్రధాన న్యాయమూర్తి. కొత్త దేశం మరి, అంతా కొత్తవాళ్లే!

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో ఆ కుటుంబం భూములిప్పుడు వాన్ కోర్ట్‌లాండ్ పార్కు. 1748లో కట్టిన ఇల్లు మ్యూజియం. ఆ పొలాలు దున్ని, అక్కడి మరలో పిండి ఆడించిన ఆఫ్రికన్ బానిసలను పూడ్చిన చోటు కూడా ఆ పార్కులోనే ఉంది. దానికి ఒక పేరంటూ పెట్టేసరికి 2021 వచ్చింది.