బోదకాలు పరీక్ష: స్లైడులో లేనంత మాత్రాన ఒంట్లో లేనట్టేనా?

రాత్రి పదింటికి తలుపు తట్టి, వేలికి సూది గుచ్చుతామంటే ఎవరికైనా విసుగే. బోదకాలు సర్వే చేసేవాళ్లకి ఆ విసుగు భరించక తప్పదు. ఈ జబ్బు తెచ్చే ఫైలేరియా పురుగుల పిల్లలు (పిల్లపురుగులు) పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, దాదాపు రాత్రి పది నుంచి రెండు మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. జబ్బుని పాకించే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా ఆ వేళకే మరి!

ఇంత కష్టపడి మామూలుగా తీసే రక్తం 20 మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో యాభయ్యో వంతు. దాన్ని గాజు పలక (స్లైడు) మీద పూసి మైక్రోస్కోపులో పురుగుల కోసం వెతుకుతారు. మిల్లీలీటరుకి 10 పిల్లపురుగులున్న మనిషి సంగతి చూడండి. ఒంట్లో అయిదు లీటర్ల రక్తం ఉందనుకుంటే మొత్తం 50 వేల పురుగులు. కానీ అలాంటి అయిదారుగురి స్లైడ్లు చూస్తే ఒకరిది మాత్రమే పాజిటివ్ వస్తుంది. టెక్నీషియన్ తప్పేమీ లేదు, ఆ బొట్టులో పురుగు పడలేదంతే. ఊరంతా జబ్బున్న రోజుల్లో ఈ లోపం పెద్దగా తెలిసేది కాదు. 2004 నుంచి ఏటా సామూహికంగా మందులు మింగించాక పురుగుల సంఖ్య తగ్గింది, స్లైడుకి దొరకనివాళ్లు పెరిగారు. 2027 నాటికి వ్యాధిని నిర్మూలించాలన్నది దేశం పెట్టుకున్న గడువు.

ఇంకో పరీక్ష ఉంది, యాంటిజెన్ స్ట్రిప్. వేలి రక్తం బొట్టు వేసి చూసే ఈ స్ట్రిప్ పట్టేది పెద్ద పురుగులు విడిచే పదార్థాన్ని (యాంటిజెన్). పగలైనా పర్వాలేదు, పది నిమిషాల్లో ఫలితం. అయితే మందు వేసుకుని పిల్లపురుగులు పోయాక కూడా స్ట్రిప్ చాలాకాలం పాజిటివ్‌గానే ఉండొచ్చు. ఆ మనిషి నుంచి ఇప్పుడు జబ్బు పాకుతుందా లేదా అన్నది అది చెప్పలేదు. ఇంకో తిరకాసు, కాలు బాగా వాచినవాళ్లలో చాలామందికి రెండు పరీక్షలూ నెగటివే. పురుగు ఎప్పుడో చచ్చి, లింఫ్ నాళాలు (ఒంట్లో అదనపు ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే గొట్టాలు) దెబ్బతిని మిగిలిన వాపది. రిపోర్టు చూసి "ఇది బోదకాలు కాదట" అని ఇంటికి పంపేస్తే అన్యాయమే.

నా ఉద్దేశంలో మామూలు సర్వేల్లో ముందు పగలే స్ట్రిప్ వాడాలి. పిల్లలతో సరిపెట్టకుండా పెద్దవాళ్లకీ చేయాలి, ముఖ్యంగా మాత్రలు చేతిలోకి తీసుకుని జేబులో వేసుకునే మగవాళ్లకి. పాజిటివ్ వచ్చినవాళ్లకే రాత్రి స్లైడు, అదీ 60 మైక్రోలీటర్లతో. ఇందాకటి మనిషి అప్పుడు దొరికే అవకాశం సగానికి దగ్గరగా వస్తుంది. స్ట్రిప్‌లకి ఖర్చు ఎక్కువే, ఒప్పుకోవాల్సిందే. కానీ టీమ్ రాత్రిపూట తట్టాల్సిన తలుపులు వందల నుంచి పదికో పదిహేనుకో పడిపోతాయి.