గోడ మీది ఒండ్రు గీత

మా మేనత్త ఇల్లు గోదావరి లంకలో. వీధి అరుగు మీద టేకు స్తంభానికి మేకుతో గీసిన గీతలు రెండున్నాయి. పైది 1986 ఆగస్టు, కిందది 2022 జూలై. పై గీత నా తలకు జానెడు ఎత్తున ఉంటుంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడల్లా దాని కింద నిలబడి, ఇంత నీళ్లొస్తే నేనెక్కడుండేవాణ్ణి అని చూసుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఆ గీత మీద కథ రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. నీళ్లు, గీత, స్తంభం అన్నీ కళ్లకు కట్టినట్టే ఉండేవి. కథ మాత్రం రెండో పేజీ దాటేది కాదు.

2022లో నీళ్లు తీశాక వెళ్లాను. అత్త చీపురు, బకెట్టు పట్టుకుని గోడలు కడుగుతోంది. సున్నం గోడకు నడుమెత్తున ఒండ్రు చార. దాని కింద గోడంతా బూడిద రంగు, పైన తెలుపు. “ఎందాకా వచ్చిందత్తా?” అని అడిగాను. “దేవుడి గూటి దాకా వచ్చి, చూసి, వెళ్లిపోయిందిరా” అంది, చేతిలో పని ఆపకుండానే.

ఇన్నేళ్లూ నా దగ్గర లేనిది ఆ ‘చూసి’ అనే మాట. నా మనసులోని బొమ్మలో నీళ్లు ఇంట్లోకి వచ్చాయి, అంతే. అత్త మాటలో వచ్చినావిడకు కళ్లున్నాయి, గూట్లో దీపం ముందు ఆగింది, ఏదో అనుకుని వెనక్కి తిరిగింది. ఆ రాత్రి బస్సులోనే కథ మొదలుపెట్టాను. బొమ్మ నన్ను ఇరవై ఏళ్లు ఆపి నిలబెట్టింది, ఒక్క క్రియ వచ్చి నడిపించింది. రాసేవాళ్లకు స్ఫూర్తి ఎక్కడినుంచి వస్తుందని ఎవరు అడిగినా నాకు ఈ గోడే గుర్తొస్తుంది.

లంకల్లో ఎవరూ ‘వరద వచ్చింది’ అనరు, ‘గోదారొచ్చింది’ అంటారు. ఏడాది పొడుగునా పక్కనే పారే నది ఆ నాలుగు రోజులే ‘వస్తుంది’. తగ్గితే ‘గోదారి తీసింది’. పత్రికలో అదే సంగతి ‘జలదిగ్బంధంలో లంక గ్రామాలు’ అవుతుంది. ఆ మాటను తప్పుపట్టను, వార్తకు అది సరిపోతుంది. కానీ అందులో వచ్చేవాళ్లూ లేరు, వెళ్లేవాళ్లూ లేరు. ఆ మాటతో కథ మొదలుపెడితే మొదటి వాక్యం దగ్గరే సహాయక చర్యలు మొదలవుతాయి.

ఆ రోజుల్లో ఇక్కడ అంకెలు కూడా మాటల్లా పనిచేస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ‘రెండోది ఇచ్చారంట’ అని వీధిలో ఎవరైనా అంటే ఇక వివరాలు అడగరు. బియ్యం బస్తాలు అటకెక్కుతాయి, గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలతారు. భద్రాచలం దగ్గర ఎన్నడుగులుందో టీవీలో చూసి, తమ గుమ్మం ఎన్ని మెట్లు మునుగుతుందో లెక్క కట్టే ఆడవాళ్లున్నారు. 1986లో అక్కడ 75.6 అడుగులు, 2022లో 71.3. చదివేవాళ్లకు అవి గణాంకాలు. మా అత్తకు ఆ రెండంకెల మధ్య తేడా అంటే స్తంభం మీద రెండు గీతల మధ్య ఉన్న చోటు.

ఇప్పుడు వరద రోజుల్లో డ్రోన్ దృశ్యాలు ఫోన్లలో ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎర్రటి నీళ్ల మధ్య కొబ్బరి చెట్ల తలలు, ఇళ్ల కప్పులు, ఎంత దూరం చూసినా నీరే. చూస్తే గుండె ఝల్లుమంటుంది. అయినా ఆ దృశ్యాల నుంచి నాకెప్పుడూ కథ రాలేదు. ఎందుకని ఆలోచిస్తే తోచింది ఇది: ఆ ఎత్తున మనిషి నిలబడే చోటు లేదు. గట్టు మీద ఉన్నవాడికి ముందు నీళ్ల వాసన తగులుతుంది. కొట్టుకొచ్చే గడ్డివామి, దాని మీద తడిసి ముడుచుకున్న కోడి, అది ఎవరిదని ఆరా తీసే గొంతులు. బొమ్మ ఆ ఎత్తున దొరికితేనే దానికి మాట అతుక్కుంటుంది.

బొమ్మకూ మాటకూ ఈ డెల్టాలో పాత చుట్టరికమే ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే తనే బొమ్మలు వేసేవాడు, కవిత్వం రాసేవాడు. ఆయన చేరదీసిన కుర్రాళ్లలో దామెర్ల రామారావు ఒకడు. 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయాడు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. మరొకడు అడివి బాపిరాజు. కుంచె పట్టిన చేత్తోనే నవలలు రాశాడు, ఉప్పొంగిన గోదావరి మీద పాట కట్టాడు. ఒకే మనిషి ఆ నదిని గీయగలిగీ పాటగా కూడా ఎందుకు కట్టాడన్నది నాకు పెద్ద ప్రశ్న. గీత ఆగిన నీటిని ఇవ్వగలదు. నీళ్లు పొంగడానికి పట్టే కాలం పాటలోనే ఇముడుతుందని ఆయనకు తెలిసే ఉంటుందని నా నమ్మకం.

నరసాపురంలో పుట్టిన బాపు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణల సంగతి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. బాపు చేతిరాత అక్షరాలే కంప్యూటర్ ఫాంటయ్యాయి, అంటే అక్కడ మాటే బొమ్మయి కూర్చుంది. మంచి కార్టూన్ కింద మాటను గమనించండి. బొమ్మలో కనిపిస్తున్నది అది మళ్లీ చెప్పదు. కథ రాసేవాళ్లు నేర్చుకోవాల్సిన పని అదే. ‘పచ్చని పొలాలు, కాలువ మీదికి వాలిన కొబ్బరి చెట్లు’ అని కోనసీమ కథ మొదలైతే, పాఠకుడి కళ్ల ముందు ముందే ఉన్న సినిమా బొమ్మకు మళ్లీ రంగు పూసినట్టే.

అలాగని పాత మాటల్ని భద్రంగా మూటగట్టుకోమని నేననడం లేదు. బోదె, పురి, కళ్లం అన్న పాత సేద్యపు మాటలు నాకు ప్రాణం, కానీ డెల్టా వాటి దగ్గరే ఆగిపోలేదు. వరి చేలు చెరువులయ్యాయి. 2009 తర్వాత వనామి రకం రొయ్య వచ్చాక కొత్త భాష కూడా వచ్చింది. ‘వంద కౌంటు’ అంటే కిలోకు వంద రొయ్యలు. ముప్పై కౌంటంటే పెద్ద రొయ్య, మంచి ధర. రొయ్యలు పట్టి అమ్మే రోజు ‘పట్టుబడి’. పిల్ల పెళ్లి ముహూర్తాన్ని పట్టుబడి చూసి పెట్టుకునే ఇళ్లున్నాయి. నేను చదివిన కథల్లో ఈ మాటలు బహు తక్కువ. చెరువు నీళ్లు సోకి పక్క చేను చౌడెక్కిన రైతు మాట ఇంకా తక్కువ. ఇది మా తరం రచయితల లోటని నాకు బాధగా ఉంది.

మొన్న చలికాలంలో భీమవరం దారిలో రాత్రి పదింటప్పుడు ఒక చెరువు గట్టున ఆగాను. బల్బుల వెలుగులో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి, వాటి చుట్టూ నీళ్లు పాలలా తెల్లగా లేస్తున్నాయి. కాపలా కుర్రాడు మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఈ మోతలో నిద్రెలా పడుతుంది తమ్ముడూ అన్నాను. “మోతుంటేనే పడతాదండీ. ఆగిందంటే లేచి పరిగెత్తాలి” అన్నాడు.

కరెంటు పోతే నీళ్లలో గాలి తగ్గి, తెల్లారేసరికి చెరువులో రొయ్యలు చచ్చిపోతాయి. ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను. అత్త ఇంట్లో స్తంభం మీది కింది గీత చుట్టూ బెత్తెడు మేర ఒండ్రు ఇంకా అలాగే ఉంది. స్తంభాన్ని కడిగేటప్పుడు అక్కడ మాత్రం చీపురు తగలనివ్వలేదట.