సాక్ష్యం చెప్పమని తొందరపెట్టకండి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చూసినదొకటి మనసులో నలుగుతూనే ఉంది. రాసేస్తే గానీ పోయేలా లేదు. గర్భం పోయి నెల కూడా కాని అమ్మాయి వెనక వరసలో కూర్చుని ఉంది. సంఘంలో పెద్దావిడ ఒకరు వచ్చి తల మీద చెయ్యి వేసి, "ఏడవకమ్మా, నిన్ను బలపరచడానికే దేవుడు దీన్ని అనుమతించాడు. రేపు నువ్వే నిలబడి సాక్ష్యం చెబుతావు చూడు" అన్నారు. సాక్ష్యమంటే దేవుడు తనకి చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, ఉపవాస ప్రార్థన ఒక్కటి మానరు. కానీ ఆ మాట విన్నాక ఆ అమ్మాయి మొహం నేను చూశాను.

శ్రమల్లో విశ్వాసం పెరుగుతుంది. అది నేను కాదనను, నా జీవితంలోనే చూశాను. కానీ ఆ మాట ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు, ఎప్పుడు అంటున్నారు? నాకు కోపం వచ్చేది అక్కడే.

ఈ సందర్భాల్లో అందరూ ఎత్తే వాక్యం బైబిల్లో రోమా పత్రిక, అంటే అపొస్తలుడైన పౌలు రోమా విశ్వాసులకు రాసిన ఉత్తరం, 5వ అధ్యాయంలోది. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను, అంటే ఆశను, కలుగజేస్తుందని. ఆ మాట రాసిన పౌలు ఐదుసార్లు ముప్పైతొమ్మిదేసి కొరడా దెబ్బలు తిన్నవాడు. మూడుసార్లు ఓడ పగిలి, ఒక పగలూ ఒక రాత్రీ సముద్రంలో గడిపినవాడు. పైగా అక్కడ శ్రమల్లో కూడా "మనం అతిశయపడదాం" అన్నాడు, "మీరు అతిశయపడండి" అనలేదు. తన వీపు మీద మచ్చలు పెట్టుకుని చెప్పిన మాట అది. దాన్ని మనం ఏ మచ్చా లేకుండా పక్కవాడి గాయం మీద పెట్టి నొక్కుతున్నాం.

ఆ వాక్యంలో "పరీక్ష" అన్న మాట నన్ను చాలాకాలం తప్పుదారి పట్టించింది. పరీక్ష అంటే దేవుడు ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేస్తాడనే అనుకునేదాన్ని. ఏడిస్తే మార్కులు పోతాయని భయం. మూలంలో ఉన్న గ్రీకు మాట "దొకిమే" అట. నిప్పులో పెట్టి చూశాక అసలుదేనని తేలిన గుణం అని దానర్థం. మరి నిప్పులో పెట్టినప్పుడు ముందు పైకి తేలేది మడ్డే కదా! ఈ సంగతి మనకెవరూ చెప్పరు.

నాకు తేలిన మడ్డి సంగతి చెబుతాను. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. మూడేళ్ళు మంచంలోనే. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రిళ్ళు కూడా. అంతకుముందు నన్ను అందరూ ఓర్పు గల పిల్ల అనేవాళ్ళు, నేనూ నమ్మాను. నిజానికి నాకు ఓర్పుతో అవసరం పడలేదంతే. ఆరు నెలలు తిరిగేసరికి గయ్యాళినయ్యాను. ఎవరైనా హాయిగా నవ్వుతుంటే ఒళ్ళు మండేది. ప్రార్థన ఒక్క ముక్కకి దిగిపోయింది: "ప్రభువా, ఈ రాత్రి." అంతే, ఆ వాక్యానికి క్రియ కూడా లేదు.

ఒక రాత్రి దుప్పటి రెండోసారి మార్చాల్సి వచ్చి నాన్నగారి మీద గట్టిగా అరిచాను. మాట రాని మనిషి మీద. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నేను వంటింట్లోకి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. తర్వాత వచ్చి క్షమించమని అడిగితే, బాగున్న ఎడమ చేత్తో నా తల నిమిరారు. ఆ చేతిలో నేను చూసినంత క్షమాపణ ఏ ప్రసంగంలోనూ వినలేదు. మర్నాటి నుంచి నేను మారిపోయానా? లేదు. మళ్ళీ విసుక్కున్నాను. కాకపోతే విసుక్కోగానే క్షమించమని అడగడం అలవాటైంది. ఆ మూడేళ్ళలో నాలో పెరిగిందేమిటంటే ఇదీ. దీన్ని సాక్ష్యంగా చెబితే ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఆ రోజుల్లోనే ఒకరు యిర్మీయా 29:11 రాసిన పటం తెచ్చి ఇచ్చారు. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావన్న వాక్యం. దాని పై వచనం ఏ పటం మీదా ఉండదు. బబులోనులో డెబ్బై ఏళ్ళు పూర్తయ్యాకే అన్నాడు దేవుడు అందులో. అది బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దాన్ని అందుకున్నవాళ్ళలో చాలామంది తిరిగి రావడం చూడకుండానే పోయి ఉంటారు.

ఇక పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరులను మనం తిడతాం గానీ, వాళ్ళు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. మనలో ఎవరు కూర్చుంటారు? ఏడు నిమిషాలు కాగానే వాక్యం తీస్తాం. వాళ్ళు చెడిపోయింది నోరు తెరిచాక. మీరు బాధకే కర్తలు గాని ఆదరణకు కారని యోబు మొహం మీదే అన్నాడు. చివరికి దేవుడు కోప్పడింది దేవుణ్ణి సమర్థించిన ఆ ముగ్గురి మీద. ఆయన్ని నిలదీసిన యోబు యుక్తంగా మాట్లాడాడన్నాడు. అయినా ఆ ముగ్గురి కోసం ప్రార్థించాల్సిన పని యోబుకే పడింది. అది నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ సగమే దిగింది. ఆ పటం ఇచ్చినవాళ్ళ పేరు నా ప్రార్థనలోకి రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

88వ కీర్తన చదవండి ఒకసారి. మిగతా విలాపాలు చాలావరకు చివర్లో ఎంతో కొంత తేరుకుంటాయి. ఇది తేరుకోదు, చీకటే తనకు బంధువర్గమైందని చెప్పి ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. చివర్లో ఒక స్తుతి వచనం అతికించనూ లేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా శిష్యుల్ని మెలకువగా ఉండమన్నాడు, ప్రార్థించమన్నాడు. ఓదార్చమని అడగలేదు. వాళ్ళు నిద్రపోయారు, అది వేరే కథ.

పెద్దావిడ వెళ్ళాక నేను వెళ్ళి ఆ అమ్మాయి పక్కన నిలబడ్డాను. ఏం అనాలో తోచలేదు. చాలాసేపటికి తనే అడిగింది, "అక్కా, మీ నాన్నగారప్పుడు నీకు దేవుడి మీద కోపం వచ్చిందా?" అని.

"వచ్చింది" అన్నాను.

"పోయిందా?"

"చాలావరకు. పూర్తిగా ఇంకా పోలేదమ్మా."

తను కాస్త పక్కకి జరిగి నాకు కూర్చోవడానికి చోటిచ్చింది.