ముత్తాతకి బెయిలు

కావలి పక్కన మాకు 40 సెంట్లు చేను ఉండాది. కొనేటాయనకి అంతా నచ్చింది గానీ గట్టు వారన ఆ సమాధి తీసేస్తేనే రిజిస్ట్రేషన్ అన్నాడు. అది మా ముత్తాతది, సంక్రాంతికి ఓసారి సున్నం కొడతాం, మిగతా ఏడాదంతా దాని మీద మిరపకాయలు ఎండబెడతాం.

చిన్నాయన దీనికేముందిరా రాత్రికి జేసీబీ పెట్టి ఎత్తేద్దాం అని అడ్వాన్సు 2,000 కూడా ఇచ్చేసొచ్చాడు. నేనే ఆపి లాయరు దగ్గరికి లాక్కపోయా. ఆయన భారతీయ న్యాయ సంహిత 301 తీశాడు, పాత ఐపీసీలో 297 అంట, 2024 జూలై నించి నంబరు మారింది, జనం మనసు నొచ్చుకుంటుందని తెలిసీ శ్మశానాల్లో సమాధుల దగ్గర చొరబడితే ఏడాది దాకా జైలు, లేకపోతే జరిమానా, రెండూ కూడా వెయ్యొచ్చంట. పైగా ఒకసారి పూడ్చిన శవం చట్టం కస్టడీలో ఉన్నట్టే అని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో అనింది, సొంత చేను గదా అని తవ్వుకోబాకండి అన్నాడు. చిన్నాయన కాసేపు ఆలోచించి "డెబ్బై ఏళ్ళుగా కస్టడీలోనే ఉండాడే, బెయిలు కూడా రాదా సార్" అన్నాడు.

సరే ముందు అర్జీ పెట్టండి అంటే, మళ్ళీ లాయరు ఫీజు ఎందుకు దండగ అని చిన్నాయన ఎవరో అర్జీలు రాసేటాయన దగ్గర రాయించి ఇచ్చేసొచ్చాడు. ఆ మహానుభావుడి దగ్గరుండే నమూనా ఒక్కటే, చావుకి కారణం తేల్చడానికి మేజిస్ట్రేటు శవాన్ని బయటికి తీయించే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 196. పేర్లు మార్చి దాన్నే దించేశాడు, "సదరు మరణంపై మాకు అనుమానములు కలవు" అనే లైనుతో సహా.

నాలుగో రోజు కానిస్టేబుల్ వచ్చాడు. ఎవరి మీదయ్యా అనుమానం అంటే ఏం చెప్తాం, ఆనాటోళ్ళలో బతికుండేది అవ్వ ఒక్కటే, అప్పుడామె కొత్త కోడలు. అందరం ఆమె వంక చూశాం.

అవ్వ తమలపాకు నమలతా "దాంట్లో మావ యాడుండాడు నాయనా, ఆయన్ని కాల్చి బూడిద పెన్నలో కలిపితిమి. పక్క చేనోడు గట్టు మా మీదికి జరపతా ఉంటే, మీ తాతే ఉత్త రాళ్ళు పేర్చి సమాధి అన్జెప్పాడు, అది కూడా వాళ్ళ చేలోకి రెండు గజాలు జరిగి" అనింది.

అవ్వకి చెవుడు, మెల్లగా మాట్లాడటం చేతకాదు. గోడవతల బర్రెకి కుడితి పెడతా ఉండే పక్క చేనోళ్ళ మనవడు అంతా విన్నాడు, పొద్దున్నే పోయి సర్వేకి అర్జీ పెట్టాడు. కొనేటాయన ఫోన్ ఎత్తట్లా. జేసీబీ ఆయన అడ్వాన్సు తిరిగి ఇయ్యనన్నాడు.