అగ్రరాజ్యాల పోటీ తేలేది కొలిమి దగ్గరే

ఉక్రెయిన్ యుద్ధం మొదలైన నాటి నుంచి మన చర్చలన్నీ ఆయుధాల చుట్టూనే తిరుగుతున్నాయి. మొదట ట్యాంకులను పేల్చే జావెలిన్ క్షిపణులు, తరువాత హైమార్స్ రాకెట్ లాంచర్లు, ఆపైన డ్రోన్లు, ఇప్పుడు కృత్రిమ మేధ. ఏ క్షిపణి ఎంత దూరం పోతుంది, ఏ విమానం రాడార్‌కు చిక్కదు అన్న లెక్కలకు టీవీ తెరల మీద కొదవ లేదు. ఆ క్షిపణి ఖర్చైపోయిన మర్నాడు దాని స్థానంలో ఇంకొకటి ఎన్నాళ్లకు వస్తుంది, దాన్ని చేయగల చేతులు ఎక్కడున్నాయి, దానికి కావలసిన ముడిసరుకు ఎవరి గుప్పిట్లో ఉంది అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినిపిస్తున్నాయి. ఈ కాలపు అగ్రరాజ్యాల పోటీని తేల్చేవి ఆ మూడు ప్రశ్నలేనని నా నిశ్చితాభిప్రాయం.

ఉక్రెయిన్‌కు ఏడాదిలోగా 10 లక్షల ఫిరంగి గుండ్లు అందిస్తామని 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ మాట ఇచ్చింది. గడువు ముగిసే నాటికి అందినవి వాటిలో దాదాపు సగమే. అంత సంపన్నమైన ఖండానికి డబ్బు కొరత లేదు. దశాబ్దాలుగా మూసేసుకున్న కార్ఖానాలు డబ్బు చూపగానే తెరుచుకోలేదు. అమెరికాలో యుద్ధానికి ముందు 155 మిల్లీమీటర్ల గుండ్లు నెలకు 14 వేలు తయారయ్యేవి. 2025 చివరికి దాన్ని లక్షకు పెంచాలన్న లక్ష్యాన్ని ఆ దేశమూ అందుకోలేకపోయింది. గుండ్ల ఉక్కు తొడుగులు పోతపోసే ముఖ్య కర్మాగారాల్లో ఒకటి పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో, ఒకప్పుడు రైలింజన్ల మరమ్మతు కోసం కట్టిన పాత ఇటుక షెడ్లలో నడుస్తోంది. 2024 సెప్టెంబరులో అమెరికా వెళ్లిన ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ వాషింగ్టన్ కన్నా ముందు ఆ షెడ్లకు వెళ్లి కార్మికులకు కృతజ్ఞతలు చెప్పారు. తన దేశ ప్రాణం ఎక్కడ నిలబడి ఉందో ఆయనకు తెలుసు.

గుండు లోపలికి తొంగి చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. అందులో నింపే పేలుడు పదార్థం టీఎన్‌టీ తయారీని అమెరికా 1986లో ఆపేసింది. ఆ తరువాత ఎక్కువగా పోలండ్ మీద ఆధారపడి, మళ్లీ సొంత కర్మాగారం కోసం 2024 నవంబరులో గానీ ఒప్పందం చేసుకోలేదు. ఇక గుండును గొట్టంలోంచి తోసే మందుకు ఆధారం నైట్రోసెల్యులోజ్, దానికి మూలం పత్తి. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగును లింటర్ అంటారు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు ప్రాంతాల పత్తి వ్యాపారులకు ఇది తెలియని సరుకేమీ కాదు. ఆ నూగు కోసం యూరప్ ఆయుధ పరిశ్రమ ప్రధానంగా చైనా వైపు చూడవలసి వచ్చింది. రష్యాను ఎదిరించడానికి కావలసిన మందుకు ముడిసరుకు రష్యాకు ఆప్తమిత్రుడి దుకాణంలో కొనుక్కోవాల్సి రావడం కన్నా పెద్ద వ్యూహాత్మక వైఫల్యం ఇంకేముంటుంది?

భుజం మీది నుంచి పేల్చి విమానాలను కూల్చే స్టింగర్ క్షిపణి ఉదంతం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది. మొదటి 10 నెలల్లో ఉక్రెయిన్ వాడిన స్టింగర్లు 13 ఏళ్ల ఉత్పత్తితో సమానమని వాటిని తయారు చేసే రేథియాన్ సంస్థ అధిపతి 2022 డిసెంబరులో ప్రకటించారు. అప్పటికి అమెరికా సైన్యం కొత్త స్టింగర్లు కొని 18 ఏళ్లు. తయారీ మళ్లీ మొదలుపెట్టాలంటే కాగితం మీది నమూనాలు చాలలేదు. 70 ఏళ్లు దాటిన విశ్రాంత ఉద్యోగులను ఇళ్ల నుంచి పిలిపించి, అప్పట్లో ఏ భాగాన్ని ఎలా అమర్చేవారో కొత్తవారికి దగ్గరుండి నేర్పించుకోవలసి వచ్చింది. ఒక తరం చేతిలోని పనితనం తరువాతి తరానికి అందకపోతే, ప్రపంచంలోకెల్లా పెద్ద రక్షణ బడ్జెట్ ఉన్న దేశానికి కూడా చెయ్యి ఆడదు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య జరిగిన 12 రోజుల యుద్ధంలో అమెరికా శత్రు క్షిపణులను ఆకాశంలోనే కూల్చే థాడ్ క్షిపణులను 150కి పైగా ప్రయోగించిందని అక్కడి పత్రికలు రాశాయి. ఒక్కొక్కటి కోటి డాలర్లకు పైబడిన ఆ క్షిపణులను 12 రోజుల్లో కాల్చేయవచ్చు గానీ తిరిగి నింపుకోవడం ఏడాదికి పైనే పట్టే పని.

ఈ బలహీనతను అందరికన్నా ముందు గ్రహించింది చైనా. 2025 ఏప్రిల్ 4న సమారియం, డిస్ప్రోసియం, టెర్బియం వంటి 7 రేర్ ఎర్త్ లోహాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. శక్తిమంతమైన అయస్కాంతాలకు ఈ రకం లోహాలే కీలకం. ఒక్క తూటా పేలలేదు. కొన్ని వారాలకే షికాగోలో ఫోర్డ్ కార్ల కర్మాగారం ఆగింది, జపాన్‌లో సుజుకీ స్విఫ్ట్ తయారీ ఆగింది, మన దేశంలో విద్యుత్ వాహనాల కంపెనీలు గగ్గోలు పెట్టాయి. అమెరికా ఎఫ్-35 యుద్ధవిమానం ఒక్కదానిలో దాదాపు 418 కిలోల రేర్ ఎర్త్ పదార్థాలు ఉంటాయి. ఆ దేశపు వర్జీనియా తరగతి అణు జలాంతర్గామిలో అవి 4 టన్నుల పైమాటే. ప్రపంచంలో శుద్ధి అయ్యే ఈ లోహాల్లో దాదాపు 90 శాతం చైనాలోనే శుద్ధవుతాయి. సుంకాలతో చైనా మెడలు వంచుతానన్న ట్రంప్ అదే ఏడాది అక్టోబరు 30న బూసాన్‌లో షీ జిన్‌పింగ్‌తో వాణిజ్య సంధి చేసుకున్నారంటే అందులో ఈ లోహాల పాత్ర చిన్నది కాదు.

చైనాకు ఇది అదృష్టం కొద్దీ దక్కలేదు. రేర్ ఎర్త్ లోహాలు 17, గుణాల్లో ఒకదానికొకటి కవలల వంటివి. వాటిని విడదీయాలంటే ద్రావకాలతో వందలసార్లు కలిపి వేరుచేస్తూ పోవాలి. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1951లో డాక్టరేట్ పొంది స్వదేశానికి తిరిగివెళ్లిన రసాయన శాస్త్రవేత్త షు గ్వాంగ్‌షియెన్, 1970లలో ఆ విడదీతకు గణిత సూత్రాలు కట్టారు. వాటిని ప్రయోగశాలలో దాచుకోకుండా కర్మాగారాల సాంకేతిక సిబ్బందికి తరగతులు పెట్టి నేర్పారు. అమెరికాలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగింది. శక్తిమంతమైన అయస్కాంతాలు చేసే మాగ్నెక్వెంచ్ అనే కంపెనీని జనరల్ మోటార్స్ 1995లో అమ్మేయగా, కొన్నవారిలో చైనా ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. కొన్నేళ్లలో ఇండియానాలోని యంత్రాలు, వాటితో పాటు ఆ విద్య కూడా చైనాకు తరలిపోయాయి. నౌకల విషయంలోనూ ఇదే వరస. చైనాకు చెందిన ఒక్క నౌకా నిర్మాణ సంస్థ 2024లో కట్టిన వాణిజ్య నౌకల మొత్తం టన్నేజీ, రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా నౌకా పరిశ్రమ అంతా కలిపి కట్టినదాన్ని మించిపోయింది.

చవక డ్రోన్లు వచ్చాక భారీ కర్మాగారాల కాలం చెల్లిందని వాదించేవారున్నారు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 డ్రోన్లను లారీల్లో దాచి తీసుకెళ్లి రష్యా వ్యూహాత్మక బాంబర్లను వాటి స్థావరాల్లోనే తగలబెట్టిన ఘటనను వారు ఉదాహరణగా చూపుతారు. అది అసాధారణ సాహసమే, కాదనను. అయితే ఆ తరువాత రష్యా ఏం చేసిందో కూడా చూడాలి. తతార్‌స్తాన్‌లోని అలబుగా కర్మాగారంలో ఇరాన్ నమూనా డ్రోన్ల తయారీని పెంచుకుంటూ పోయి, సెప్టెంబరులో ఒకే రాత్రి 800కు పైగా డ్రోన్లను ఉక్రెయిన్ మీదికి వదిలింది. పైగా ఉభయపక్షాల చిన్న డ్రోన్లలోనూ మోటార్లు, వాటిలోని నియోడిమియం అయస్కాంతాలు, బ్యాటరీలు చాలావరకు చైనా సరుకే. ఇంటి గ్యారేజీలో బిగించినంత మాత్రాన డ్రోన్ గ్యారేజీలో పుట్టినట్టు కాదు.

మన సంగతికి వస్తే, ఆపరేషన్ సిందూర్‌లో ఆకాశ్ క్షిపణులు నిలబడ్డాయని, అవి హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్‌లో తయారైనవని తెలుగువారంతా గర్వపడ్డాం, పడాలి కూడా. కానీ అది 4 రోజుల పోరు. నెలల తరబడి సాగే పోరులో ఏమవుతుందో చెప్పడానికి స్వదేశీ యుద్ధవిమానం తేజస్ ఒక్కటి చాలు. 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఒప్పందం కుదిరితే, వాటికి అమెరికా నుంచి తొలి ఇంజన్ 2025 మార్చిలో గానీ రాలేదు. 2025 సెప్టెంబరులో మిగ్-21లు సెలవు తీసుకున్నాక వాయుసేన 29 స్క్వాడ్రన్లకు పడిపోయింది. ఉండవలసినవి 42. ఇంజన్ ఎవరిదో, విమానం ఎగిరే రోజును నిర్ణయించే హక్కు వారిదే.

ముడిసరుకు మనకు లేదా అంటే, కాళ్ల కిందే ఉంది. భీమిలి నుంచి శ్రీకాకుళం జిల్లా భావనపాడు దాకా తీరంలో కనిపించే నల్ల ఇసుకలో మోనజైట్ ఉంది. మన దేశంలో రేర్ ఎర్త్ లోహాలు ప్రధానంగా దొరికేది అందులోనే. దేశంలో గుర్తించిన మోనజైట్ నిల్వల్లో అత్యధిక వాటా ఆంధ్రప్రదేశ్‌దే. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ 2023లో ప్రారంభించిన సమారియం కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 3 వేల కిలోలు. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 7,280 కోట్ల రూపాయల పథకం లక్ష్యం ఏడాదికి 6 వేల టన్నుల అయస్కాంతాలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని కేవలం రాయితీలతో దాటగలమని ఢిల్లీ అనుకుంటే అది పొరపాటు.

ఆ దూరాన్ని దాటించవలసింది మనుషులు. ద్రావకాల్లో లోహాలను విడదీయడం తెలిసిన రసాయన శాస్త్రవేత్తలు, కొలిమి ఉష్ణోగ్రతను మంట రంగు చూసి పసిగట్టగల పనివారు, మిల్లీమీటరులో వందో వంతు తేడాను పట్టుకోగల టర్నర్లు కావాలి. మన రెండు రాష్ట్రాల్లో ఏటా వేలాదిమంది ఇంజనీరింగ్ పట్టాలు పుచ్చుకుంటున్నా, లోహశాస్త్రం సీటు వస్తే ఇంట్లో దిగులుపడే పరిస్థితి ఉంది. ఐటీఐలో చేరిన కుర్రాణ్ణి చదువు అబ్బనివాడిగా లెక్కగట్టే సమాజం మనది. కంచన్‌బాగ్‌లోని ప్రత్యేక లోహాల ప్రభుత్వ సంస్థ మిధానిలో దశాబ్దాలుగా టైటానియం, అతిదృఢమైన మారేజింగ్ ఉక్కు కరిగించినవారు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తుంటే, వారి చేతిలోని పని ఎవరికి అందుతోందని అడిగేవారు లేరు. ఆ 7,280 కోట్లలో శిక్షణకంటూ ఒక వాటాను ముందే విడదీయాలి. విశాఖ, శ్రీకాకుళం ఐటీఐలను, ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగాన్ని కాబోయే అయస్కాంత కర్మాగారాలతో ఇప్పుడే జతచేయాలి. మిధాని విశ్రాంత ఉద్యోగుల్లో నేర్పగలిగినవారిని ఈ ఏడే జీతమిచ్చి పిలిపించాలి, 70 ఏళ్లు దాటేదాకా ఆగకుండా.